‘ఎంతిమ్మంటారండీ?’ అని అడిగితే

అందరికీ నమస్కారం. ముందు వరస ఖాళీగా ఉంది. వెనక నిలబడ్డవాళ్లు వచ్చి కూర్చోండి. ఈ రోజు అతిథులెవరూ రారు, ఆ కుర్చీలు మీకే.

కళాకారుల కోసం మన పరిషత్తు పెట్టిన ఈ ఆదివారం తరగతి మొదలై మూడేళ్లు దాటింది. ఇవాళ కొత్త ముఖాలు చాలా కనబడుతున్నాయి. అందుకని ముందు ఒక సంగతి చెప్పాలి. కళా పరిషత్తు అన్నది లెక్కల పాఠం ఎందుకు చెబుతోంది? ప్రచారం పాఠం ఎందుకు చెబుతోంది?

తెలుగునాట పరిషత్తు అంటే నాటక పోటీలు. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళా పరిషత్తు పుట్టింది. ఆ తర్వాత ఊరూరా పరిషత్తులు వెలిశాయి. ఉత్తమ నటుడు, ఉత్తమ రచన, ఉత్తమ ఆహార్యం, ఒక జ్ఞాపిక, ఒక శాలువా. మన పరిషత్తూ ఇన్నేళ్లూ అదే చేసింది. అది చిన్న పనేమీ కాదు. సినిమా వచ్చి అందర్నీ తీసుకుపోతున్న రోజుల్లో నాటకం బతికిందంటే అందులో పరిషత్తుల చలవ ఉంది. అయితే రాత్రి పదింటికి శాలువా కప్పించుకున్న మనిషి తెల్లారి బస్సు చార్జీకి ఎవర్ని అడిగాడో మేం ఎప్పుడూ కనుక్కోలేదు. ఆ కనుక్కోవడమే ఈ తరగతి.

నేను నాటకాల ఇంట్లో పుట్టాను. మా నాన్నగారు హార్మోనిస్టు. పద్యనాటకాలకు వాయించేవారు. ఏ నటుడు ఏ శ్రుతిలో ఎత్తుకుంటాడో, ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో ఆయనకు తెలుసు. గొంతు జారిన నటుణ్ని పెట్టెతో పట్టి నిలబెట్టేవారు. శివరాత్రికి, శ్రీరామనవమికి, దసరాకి ఇంట్లో ఉండేవారు కాదు. ఎవరైనా వచ్చి, “మాస్టారూ, ఎంతిమ్మంటారండీ?” అని అడిగితే ఆయన జవాబు ఒక్కటే: “నాదేముందండీ, మీ ఇష్టం.”

ఆ ‘మీ ఇష్టం’ మీద మా ఇల్లు నడిచింది. ఒకసారి నడిచింది, ఒకసారి నడవలేదు. ఒక ఊళ్లో తెల్లవార్లూ వాయించాక, గుడి చందాలు సరిగ్గా రాలేదని చెప్పి కొబ్బరికాయల బస్తా ఇచ్చి పంపారు. ఆ బస్తాకి బస్సులో లగేజీ చార్జీ ఆయన చేతి నుంచే పడింది. ఆయనకు కోపం రాలేదు. అమ్మకు వచ్చింది. ఆ రోజు అమ్మ అన్న మాట నాకు ఇంకా చెవిలో ఉంది. “శ్రుతి తేడా వస్తే ఊరుకోరే, ఇక్కడ ఎందుకు ఊరుకుంటారు?” అంది.

తర్వాత నేను బ్యాంకు ఉద్యోగంలో చేరాను. కౌంటరు ఇవతలి పక్క కూర్చున్నాక అదే సంగతి ఇంకో వైపు నుంచి కనబడింది. అప్పు కోసం కళాకారులు వచ్చేవారు. ఆదాయం ఎంత అంటే చెప్పలేరు. పోయినేడు ఎన్ని కార్యక్రమాలు చేశారంటే వేళ్లు లెక్కపెడతారు. చేతిలో ఒక్క కాగితం ఉండదు. సన్మాన పత్రాలు మాత్రం సంచీ నిండా తెచ్చేవారు. ఆ పత్రాలు చదివి నేను ‘కుదరదు’ అని రాయాల్సి వచ్చేది. రాసేటప్పుడు మా నాన్నగారు గుర్తొచ్చేవారు.

మన మాటలు ఒకసారి చూడండి. కళాకారుడికి ఇచ్చే డబ్బుకి తెలుగులో ఎన్ని పేర్లున్నాయి? పారితోషికం. పరితోషం కలిగింది కాబట్టి ఇచ్చేది. అంటే ఇచ్చేవాడి సంతోషం. సంభావన, అంటే గౌరవించి ఇచ్చేది. దక్షిణ, బహుమానం, చదివింపు. వీటిలో ఏదీ పని చేసినవాడి వైపు నుంచి పుట్టిన మాట కాదు. ఇచ్చేవాడి మనసు ఎలా ఉంటే అంత. పని వైపు నుంచి పుట్టిన మాట ఒకటుంది, కూలి. ఆ మాట మనకు నచ్చదు. నచ్చకపోతే మానేద్దాం, రేటు అందాం, ధర అందాం. ఏదో ఒక మాట మన నోటి నుంచి రావాలి. మేం మూడేళ్లుగా చెబుతున్నది ఇంతే. ఆ అంకె ముందు మీ నోట రావాలి.

అయితే ఒక్కటి చెబుతాను. మన పూర్వులు బేరం తెలియని అమాయకులని అనుకోకండి. నాకు ఈ విషయంలో చాలా పట్టింపు ఉంది. తెలంగాణలో పటం కథలవాళ్లున్నారు, గుడ్డ మీద గీసిన బొమ్మలు చూపిస్తూ కథ చెప్పేవాళ్లు. కూనపులివాళ్లు పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెబుతారు. కాకిపడగలవాళ్లు ముదిరాజులకు పాండవుల కథ చెబుతారు. డక్కలివాళ్లు మాదిగలకు జాంబపురాణం చెబుతారు. ఏ ఊరు ఏ కుటుంబానిదో పంచుకుని ఉంటుంది. దాన్ని మిరాశీ అంటారు. ఆ ఊళ్లో ఇంకో మేళం అడుగు పెట్టకూడదు. వచ్చినవాళ్లకు ఇంత అని కట్టుబాటు. తేడా వస్తే కులపెద్దల దగ్గర పంచాయితీ. అది భిక్ష కాదు, హక్కు. ఇప్పటి మాటల్లో చెప్పుకుంటే వాళ్లకు ఖాతాదారులున్నారు, సరిహద్దులున్నాయి, ఒప్పందం ఉంది, తగవు తీర్చే చోటు ఉంది. ప్రచారం అక్కర్లేదు. కథ వినడం ఆ కులానికి విధి కాబట్టి వినేవాడు ముందే ఉన్నాడు.

ఆ ఏర్పాటంతా సడలిపోయింది. చేతిలో కళ మిగిలింది, చుట్టూ ఉన్న కట్టుబాటు పోయింది. ‘మీ ఇష్టం’ అన్న మాట మిరాశీ ఉన్న రోజుల్లో చెల్లింది. ఎందుకంటే ఎదుటివాడి ఇష్టానికి వెనక ఊరి కట్టుబాటు కాపలా ఉండేది. ఈనాడు ఆ కాపలా లేదు. ఆ మాట మాత్రం అలవాటుగా నోట్లో ఉండిపోయింది. మిరాశీ చేసిన పనిలో కొంతైనా పరిషత్తు చేయాలి. కులం పేరు మీద కాదు, కాగితం మీద.

చేర్యాల సంగతి దీనికి అవతలి కొస. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాశీ కళాకారులు ఆ కథకుల కోసమే పటాలు రాసేవారు. ఖద్దరు గుడ్డకు సుద్ద, చింతగింజల గంజి, జిగురు కలిపి పూసి, దాని మీద వెనకంతా ఎర్రరంగు వేసి, ముప్పై నలభై అడుగుల పొడవు కథంతా గీసేవారు. కథకులు తగ్గిపోయారు. పటం అడిగేవాడు లేకుండా పోయాడు. అప్పుడు వాళ్లు అదే ఎరుపు, అదే గీత, అదే ముఖం పెట్టి, గోడకు తగిలించే చిన్న బొమ్మలు వేశారు. రంపపుపొట్టు, చింతగింజల పిండితో మాస్కులు చేశారు. కొనేవాడు మారాడు కాబట్టి కొలత మార్చారు. చేతిని మార్చుకోలేదు. అనంతపురం వైపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలవాళ్లు లాంపు షేడ్లు చేస్తున్నదీ అలాగే. అక్కడి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. దీపం వెనక ఆడే బొమ్మ దీపం చుట్టూ కూర్చుంది. కొందరు పెద్దలకు అది బాధ. ఆ బాధ నాకూ ఉంది. కానీ ఆ షేడు అమ్మిన డబ్బుతో ఆ ఇంటి పిల్లలు ఇంకా మేకతోలు మీద ఉలి పెడుతున్నారు. నేను ఆ వైపే ఉంటాను.

సరే, పనిలోకి వద్దాం.

మా మొదటి ఏడాది సరిగ్గా జరగలేదు. నగరం నుంచి ఒకాయన్ని పిలిపించాం. తెర మీద ఇంగ్లీషు బొమ్మలు వేసి, డిజిటల్ మార్కెటింగ్ అని రెండు గంటలు చెప్పారు. ఆయన తప్పేం లేదు, మేం చెప్పమన్నది చెప్పారు. వెళ్లేటప్పుడు ఒక బుర్రకథ రాజు గారు నా దగ్గరకొచ్చి, “అమ్మా, ఇదంతా బాగుంది గానీ, నిన్న ముగ్గురం వెళ్లొస్తే చేతిలో ఎంత మిగిలిందో నాకు తెలీదు. అది చెప్పేవాళ్లెవరు?” అన్నారు. మర్నాడే వెళ్లి వంద పేజీల నోటుపుస్తకాలు కొన్నాను. అప్పటి నుంచి తరగతి ఆ పుస్తకంతోనే మొదలు.

ఎడమ పేజీ వచ్చింది, కుడి పేజీ పోయింది. అంతే. పోయిన దాంట్లో ఏవి రాయాలో అక్కడే పాఠం ఉంది. వేషం అద్దె, మేకప్పు, ఆటో, దారిలో టీ టిఫిన్లు అందరూ రాస్తారు. రిహార్సలు రోజు రాయరు. డప్పు మూత వేయించింది, హార్మోనియం రీడ్లు బాగు చేయించింది రాయరు. పొలం పనో షాపు పనో మానుకుని వచ్చిన రోజు రాయరు. ముగ్గురు సభ్యుల మేళమైతే వంతదారు, అంటే వంత పాడేవాడి వాటా ముందే తీసి రాయాలి. ‘మిగిలితే ఇద్దాం’ అన్న దగ్గరే మేళాలు విడిపోయాయి.

ఒక లెక్క చెబుతాను, ఇది మన తరగతిలో జరిగిందే. శ్రీకాళహస్తిలో కలంకారీ నేర్చుకుని ఈ ఊరికి కోడలిగా వచ్చిన ఒక అమ్మాయి చీర తెచ్చింది. “ఎంతకమ్ముతావమ్మా?” అంటే “ఆరువేలు ఆంటీ” అంది. ఎలా వచ్చింది ఆరువేలు? గీయడానికి ఆరు రోజులు, రోజుకి 700 చొప్పున 4,200. గుడ్డ 1,200. కలిపితే 5,400. ఆరువందలు లాభం అనుకుంటోంది.

అప్పుడు కూర్చుని మొదట్నుంచి రాశాం. గుడ్డ ఉతికి గంజి పోగొట్టడం. కరక్కాయ పొడి, గేదెపాలు కలిపి గుడ్డ నానబెట్టి ఎండేయడం. తుప్పు ఇనుము, బెల్లం నీళ్లలో వేసి వారాల తరబడి ఊరబెట్టిన కసిం అనే నల్లరంగు వడగట్టుకోవడం. చింతకొమ్మ కాల్చిన బొగ్గుతో గీత, దాని మీద వెదురు కలంతో కసిం గీత. ఎరుపు రావాల్సిన చోట పటిక. కాలవలో ఉతకడం. రంగు వేసి ఉడకబెట్టడం. మళ్లీ ఉతకడం. పసుపు, ఆ తర్వాత నీలం, మళ్లీ ఉతకడం. కొందరు దీన్ని పదిహేడు దశలంటారు, కొందరు ఇరవై మూడంటారు. గీసిన రోజులు ఆరే. చేతులు పని చేసిన రోజులు లెక్కేస్తే 11 వచ్చాయి. 11 రోజులకి 7,700. గుడ్డ 1,200. పాలు, కరక్కాయ, పటిక, రంగులు, కట్టెలకి 500. ఎగ్జిబిషనుకి తీసుకెళ్లి అమ్మిన ఖర్చులో ఈ చీర వాటా 600. మొత్తం సరిగ్గా పదివేలు. లాభం ఇంకా కలపలేదు. అంటే ప్రతి చీరకీ నాలుగువేలు తన చేతి నుంచి పెట్టి, కొన్నవాళ్లకి చీర ఇస్తోంది. ఆ అమ్మాయి చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత “ఉతకడం కూడా పనేనా ఆంటీ?” అని అడిగింది. ఇంట్లో ఉతికే ఆడవాళ్ల పనికి ఎవరూ లెక్క కట్టరు కదా, తనూ కట్టుకోలేదు.

పదివేలంటే కొంటారా అని మీరు అడుగుతారు. అందరూ కొనరు. నేను అబద్ధం చెప్పను. ఆ అమ్మాయికి ఆ ఏడాది చీరలు తక్కువ పోయాయి. దుపట్టాలు, జాకెట్టు ముక్కలు ఎక్కువ వేసింది. వేసవిలో కాలవలు కట్టేసి ఉతకడానికి నీళ్లు లేని రోజుల్లో కాగితం మీద డిజైన్లు గీసి పెట్టుకుంది. ఏది ఎంతకు పడుతుందో తెలిస్తేనే ఏది చేయాలో తెలుస్తుంది. తెలియకుండా అమ్మితే ఎంత ఎక్కువ అమ్మితే అంత నష్టం.

ఇంకో మాట. శ్రీకాళహస్తి కలం పనికి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది, అంటే ఆ పేరు ఆ చోటి పనికే చెల్లుతుందని సర్కారు నమోదు. మచిలీపట్నం, పెడన వైపు అచ్చుల పనికి వేరే గుర్తింపు ఉంది. ఇవి రెండు వేరు పనులు. బజార్లో మిషను మీద అచ్చేసిన గుడ్డ కూడా కలంకారీ పేరుతోనే పోతోంది. గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి చాలామంది తమకూ వచ్చేసిందనుకుంటారు. ఆ గుర్తింపు ఆ పనివాళ్లందరి తరఫున ఒక సంఘం పేరు మీద నమోదవుతుంది. ఆ పేరు మీ సరుకు మీద వేసుకోవాలంటే మీరు అధీకృత వాడకందారుగా విడిగా నమోదు చేయించుకోవాలి. ఆ దరఖాస్తు నింపడానికి మన దగ్గర ప్రతి రెండో శనివారం ఇద్దరు కూర్చుంటారు.

చేతివృత్తులవాళ్లకు సర్కారు ఇచ్చే పెహచాన్ గుర్తింపు కార్డు, చిన్న వ్యాపారాలకు ఉద్యమ్ నమోదు కూడా అక్కడే చూస్తాం. ఉద్యమ్ నమోదుకు రూపాయి అక్కర్లేదు. డబ్బు అడిగిన వెబ్‌సైట్ ఏదైనా సర్కారుది కాదు, ఇది ఇంట్లో పిల్లలకి కూడా చెప్పండి. బొమ్మలు చేసేవాళ్లు 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ అనే కేంద్ర పథకం కిందకి వస్తారు. మొదట లక్ష దాకా అప్పు, అది సరిగ్గా కట్టాక రెండు లక్షల దాకా, అయిదు శాతం వడ్డీకి. తీసుకోమని నేను అనను. నోటుపుస్తకం ఆరు నెలలు రాసి, అప్పు ఎందుకో ఒక్క వాక్యంలో చెప్పగలిగితేనే తీసుకోండి.

ఇప్పుడు కాగితం. నాకు చాలా ముఖ్యమైన భాగం ఇది, కొంచెం ఓపిగ్గా వినండి.

చిత్రకారులు చెవి ఇటు పెట్టండి. మీరు మీకోసం వేసుకున్న బొమ్మ మీద కాపీరైటు మీది. బొమ్మ అమ్మేసినా కాపీరైటు మీదే, కొన్నవాడు గోడకు తగిలించుకోవచ్చు గానీ క్యాలెండర్లు అచ్చేయకూడదు. కానీ ఎవరైనా డబ్బిచ్చి “ఈ బొమ్మ వేసి పెట్టండి” అని వేయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఆ హక్కు వేయించుకున్నవాడిది. చాలామందికి ఇది తెలియదు. ఆర్డరు తీసుకునేటప్పుడే ఒక్క వాక్యం రాయించుకోండి: ‘ఈ చిత్రం కాపీరైటు చిత్రకారుడిదే.’ ఆ ఒక్క వాక్యం లేక, తాను వేసిన బొమ్మ చీరల పెట్టెల మీద అచ్చయి ఊరంతా తిరుగుతుంటే చూస్తూ ఊరుకున్న మనిషి ఈ హాల్లోనే ఉన్నారు.

హక్కు ఇంకొకరికి రాసిచ్చేటప్పుడు నోటిమాట చెల్లదు, కాగితం ఉండాలి. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లని చట్టం అనుకుంటుంది. ఎక్కడివరకో రాయకపోతే భారతదేశం వరకే. ఎవరైనా ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అని అచ్చు కాగితం తెస్తే, అక్కడే ఆగండి. ఇంటికి తీసుకెళ్లి చదివి రేపు సంతకం పెడతానని చెప్పండి. అప్పుడే పెట్టమని తొందరపెట్టేవాడి కాగితం మీద పెట్టొద్దు.

నటులు, గాయకులు, వాద్యకారులు. మీ ప్రదర్శన మీద మీకూ హక్కుంది, యాభై ఏళ్లు. మీరు ఒప్పుకోకుండా రికార్డు చేసి అమ్ముకునే హక్కు ఎవరికీ లేదు. ఈమధ్య ప్రతి నాటకం దగ్గరా మూడు ఫోన్లు నిలబెట్టి తీసేస్తున్నారు, రాత్రికి రాత్రి యూట్యూబులో పెడుతున్నారు. దానివల్ల పేరు వస్తుంది, అదీ నిజమే. రానివ్వండి. కానీ బయానా తీసుకునే రోజే అడగండి. వీడియో తీస్తారా? ఎవరి ఛానల్లో పెడతారు? మేళంలో అందరి పేర్లూ వేస్తారా? మా నాన్నగారు వాయించిన నాటకాలు కొన్ని క్యాసెట్లుగా వచ్చాయి. పద్యం పాడిన నటుడి పేరుంది, హార్మోనియం అన్న మాటే లేదు. ఆ క్యాసెట్లు నా దగ్గరున్నాయి. నేను వింటే చెప్పగలను అది ఎవరి చెయ్యో. నేను పోయాక చెప్పేవాళ్లు లేరు.

మన ఒప్పంద పత్రం ఒక పేజీ. తేదీ, చోటు, ఎంతసేపు, ఎంతమంది, ఎంత, బయానా ఎంత, మిగతాది ఎప్పుడు, రానూపోనూ ఎవరిది, వాన వస్తే ఏమిటి, వీడియో సంగతి. తెలుగులో ఉంటుంది, గుమ్మం దగ్గర కట్ట పెట్టాం, తీసుకెళ్లండి. కాగితం చూపిస్తే పిలిచేవాళ్లు మానేస్తారని భయపడ్డాం. బుర్రకథ రాజు గారు ఏం చేశారంటే, కాగితం అనకుండా, ఫోన్లో మాట్లాడాక అవే వివరాలు వాట్సాప్‌లో పంపి, “సరేనంటే ఒక మాట పెట్టండి బాబూ” అన్నారు. అవతలివాళ్లు ‘ఓకే’ అని పెట్టారు. అదీ కాగితమే.

డబ్బు ఇచ్చేవాళ్లు పన్ను కోసుకుని ఇస్తే, ఆ కోసింది మీ పాన్ మీద జమయిందో లేదో చూసుకోండి. రిటర్ను వేస్తే చాలామందికి తిరిగొస్తుంది. ఇది విడిగా ఇంకో ఆదివారం చెబుతారు.

ప్రచారం గురించి తక్కువే చెబుతాను. దాని గురించి చెప్పేవాళ్లు చాలామందున్నారు.

ప్రచారం మనకు కొత్త కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక కుటుంబాలు ఊళ్లో డేరా వేసి నెలల తరబడి ఆడేవి. ఆ ఊరంతా రావాలంటే ఊరంతటికీ తెలియాలి. నా చిన్నప్పుడు నాటకానికి మధ్యాహ్నం నుంచే రిక్షాకి మైకు కట్టి కరపత్రాలు పంచేవారు. పిల్లలం వెంటపడేవాళ్లం. ఆ కరపత్రంలో ఏముండేది? ఎవరు, ఏ వేషం, ఎక్కడ, ఎన్నింటికి. అంతే. ఇప్పుడు మన ఆహ్వాన పత్రికలు తీసి చూడండి. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, అందరి ఫోటోలూ పైన. వేషం కట్టేవాడి పేరు కింద ఎక్కడో చీమంత. మన పరిషత్తు పత్రికా అలాగే ఉండేది. పోయిన ఏడాది తిరగేశాం. కళాకారుల పేర్లు పైన, పెద్దక్షరాల్లో. ఇద్దరు పెద్దమనుషులు అలిగారు. చందా తగ్గింది. అయినా మళ్లీ పాత పద్ధతికి వెళ్లం.

మీ గురించి మీరు రాసుకునేటప్పుడు ‘ప్రముఖ’, ‘ప్రఖ్యాత’, ‘అంతర్జాతీయ’ తీసేయండి. చదివేవాడికి వాటివల్ల ఏమీ తెలియదు. మూడు వాక్యాలు చాలు. ఏం చేస్తారు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, మీ చేతిలో ప్రత్యేకంగా ఏముంది. పోయిన నెల ఒక పిల్లవాడు, ఏటికొప్పాక బొమ్మలు తెచ్చి అమ్ముతాడు, ‘నాణ్యమైన హస్తకళా ఉత్పత్తులు’ అని రాసుకొచ్చాడు. అలా కాదు నాయనా, ఆ బొమ్మ ఏం చెక్క? అంకుడు. రంగు? లక్కలో కలిపిన ఆకులు, గింజలు, బెరళ్ల రంగు. అదే రాయి, చంటిపిల్ల నోట్లో పెట్టుకునే బొమ్మకి ఏ రంగు వేశారో తల్లి తెలుసుకోవాలనుకుంటుంది. ఏటికొప్పాకలో సి.వి. రాజు గారు ఆ చెట్ల రంగుల మీద ఏళ్ల తరబడి పని చేశారు, 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ కష్టం ఆ ఒక్క వాక్యంలో కనబడాలి. ‘నాణ్యమైన’ అంటే కనబడదు.

ఫోటో పొద్దున కిటికీ పక్కన తీయండి, ఫ్లాష్ వద్దు. కొలత తెలిసేలా పక్కన చెయ్యి ఉండాలి. చెయ్యి ఉంటే ఇంకొకటి కూడా తెలుస్తుంది, దీన్ని ఒక మనిషి చేశాడని. పేపరువాళ్లకి పంపేటప్పుడు ఎడమ నుంచి ఎవరెవరో పేర్లు రాసి, మధ్యాహ్నం లోపే పంపండి. పేరు అన్నిచోట్లా ఒకేలా రాయండి. ఫోను నంబరు మార్చకండి. ఆఫరు వచ్చిందని సిమ్ము మార్చి, పదేళ్లుగా పిలుస్తున్న ఊళ్లన్నీ పోగొట్టుకున్న మేళం నాకు తెలుసు.

ఆడవాళ్లకు ఒక్క మాట. మీ పని డబ్బు మీ ఖాతాలో పడాలి. పని మీద మీ పేరుండాలి. రంగు నింపేది మీరై, సంతకం ఇంకొకరిదైతే, పదేళ్ల తర్వాత మీకు చూపించుకోవడానికి ఏమీ ఉండదు. ఇంట్లో గొడవలు పెట్టమని కాదు. ఇద్దరి పేర్లూ రాయడానికి గుడ్డ మీద చోటుంది.

కళని అమ్ముకోవడమేమిటని అడిగే పెద్దలున్నారు. వాళ్ల మీద నాకు గౌరవం ఉంది. పోతన పేరు చెబుతారు, కావ్యం రాజులకివ్వలేదని. నిజమే. పోతన పొలం దున్నుకున్నాడని కూడా మనం చెప్పుకుంటాం. అంటే ఆయనకు తిండి దారి వేరే ఉంది. శ్రీనాథుడి సంగతి తీసుకోండి. కనకాభిషేకం చేయించుకున్న కవి. చివరి రోజుల్లో బొడ్డుపల్లెలో గుత్తకు తీసుకున్న పంట కృష్ణ వరదలో కొట్టుకుపోతే ఏడు నూర్ల టంకాలు, అంటే ఆనాటి నాణేలు, ఎలా చెల్లించాలో తెలియక కుమిలిపోయాడని చాటువు చెబుతోంది. తల మీద పోసిన బంగారం ఒక్క రోజుది. గుత్త ప్రతి ఏడూ కట్టాలి. మన సన్మానాలు చూసినప్పుడల్లా నాకు ఆ చాటువు గుర్తొస్తుంది.

ఆకాశవాణి సంగతి గుర్తు తెచ్చుకోండి. ఆడిషన్ పెడతారు, బి, బి-హై, ఏ, టాప్ అని గ్రేడ్లు ఇస్తారు. ఏ గ్రేడుకి ఎంతో ముందే రాసి ఉంటుంది. మా నాన్నగారు ఆకాశవాణి కాంట్రాక్టు కాగితం వచ్చినప్పుడు దాన్ని దేవుడి దగ్గర పెట్టి, ఆ తర్వాత సంతకం చేసేవారు. అంకె అందులో అచ్చయి ఉండేది. ఆయన నోరు తెరవాల్సిన పని లేదు కాబట్టి సిగ్గుపడాల్సిన పనీ లేదు. ఆ ఒక్క చోటే ఆయనకు పనికి తగ్గ డబ్బు లెక్క ప్రకారం అందేది. అందుకే మన గోడ మీద రేట్ల పట్టిక పెట్టాం. బుర్రకథ ఇంత నుంచి, తోలుబొమ్మలాట ఇంత నుంచి అని. చూపించడానికి ఒక కాగితం ఉంటే నోరు తేలిగ్గా పెగులుతుంది. అయితే పట్టిక సాయం ఎల్లకాలం ఉండదు. ఫోనులో అడిగితే గోడ చూపించలేరు.

అందుకని మనం ఇక్కడ సాధన చేస్తాం. పద్యం సాధన చేసినట్టే. ఇద్దరు నిలబడతారు. ఒకరు పిలవడానికి వచ్చినవాళ్లు, ఒకరు కళాకారుడు. మొదటిసారి తోలుబొమ్మల పెద్దాయన ఒకరు నిలబడ్డారు. రావణుడి బొమ్మ పట్టుకుంటే ఊరు దద్దరిల్లే గొంతు. “ఎంతిమ్మంటారండీ?” అంటే, “పదిహేనువేలండి” అని, ఊపిరి కూడా తీసుకోకుండా, “మీరు చూసి ఇవ్వండి, తగ్గించినా పర్లేదు, ఊరికే అన్నాను” అనేశారు. అవతలివాళ్లు ఇంకా నోరు తెరవనే లేదు. తన ధర తానే మూడుసార్లు కోసుకున్నారు. అప్పుడు మేం చెప్పింది ఒక్కటే. అంకె చెప్పండి. చెప్పి ఆగండి. అవతలి మనిషి మాట్లాడేదాకా మీరు మాట్లాడకండి. పద్యంలో రాగం తీసి ఆపినట్టు ఆపండి. ఆయన నాలుగు ఆదివారాలు సాధన చేశారు. అయిదో ఆదివారం చెప్పి ఆగారు. హాలంతా ఆయన వైపే చూస్తోంది. ఆయన నిశ్శబ్దంగా నిలబడ్డారు. చేతులు వణుకుతున్నాయి, కానీ మాట్లాడలేదు. ఆ కార్తీకమాసంలో ఆయనకు అడిగినంతా రాలేదు, పన్నెండు వచ్చింది. అంతకు ముందు అదే ఊరు ఆయనకు అయిదు ఇచ్చేది.

ఇవాళ మీ వంతు. అన్నయ్యా, రెండో వరసలో, డోలు పక్కన పెట్టుకుని కూర్చున్నారే, మీరే, రండి. భయపడకండి, ఇక్కడంతా మనవాళ్లే. ఈ మైకు పట్టుకోండి. నోటుపుస్తకం తెచ్చారా? మంచిది, మీ లెక్క ఒకసారి చూసుకోండి. నేను పెళ్లివారి తరఫున వచ్చాననుకోండి.

నమస్కారమండీ. వచ్చే నెల మా అమ్మాయి పెళ్లి. మీ మేళం చాలా బాగుంటుందని అందరూ చెప్పారు. ఎంతిమ్మంటారండీ?